గోడ మీద వల

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వం నా చేత గోడలకు మేకులు కొట్టించింది. కాగితం మీద ఆ ఉద్యోగానికి ఇంతకంటే గౌరవమైన పేరుండేది: ప్రదర్శనల సహాయకుడు. ఏ శాఖలో అన్నది చెప్పను. ఆ శాఖ నాకింకా పింఛను ఇస్తోంది, దాన్ని ఇబ్బంది పెట్టడం బాగుండదు. పని మాత్రం చెబుతాను. ఊరూరా తిరిగి, బల్లలు వేసి, అట్టలు నిలబెట్టి, జనానికి ఏదో ఒకటి చూపించడం. మేలురకం విత్తనాలు, మశూచి టీకాలు, పొదుపు, పొగలేని పొయ్యి. ఏది చూపించమంటే అది చూపించాను. నాకు తెలిసినవీ తెలియనివీ కూడా ఒకే ధైర్యంతో చూపించాను.

ఈమధ్య మా వీధిలో ఒకమ్మాయికి బొమ్మల ప్రదర్శనశాలలో ఉద్యోగం వచ్చింది. "మీరూ ఇలాంటి పనే చేశారట కదా, ఏమైనా చెప్పండి" అని వచ్చింది. నేను చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికి ఆమెకు బస్సు వేళైంది. అందుకని రాస్తున్నాను. బదిలీలూ ప్రమోషన్లూ రాయను. బదిలీలు అందరికీ అవుతాయి. ప్రమోషన్లు నాకు పెద్దగా కాలేదు.

సీసాలు

రాజాంలో ఒకసారి వరి విత్తనాల ప్రదర్శన పెట్టాం. విత్తనాలను గాజు సీసాల్లో పోసి, మూతలు బిగించి, ఒక్కొక్క సీసా ముందూ నా చేతిరాతతో చీటీ పెట్టాను. నా చేతిరాత బాగుంటుంది. నిజానికి ఉద్యోగం దాని వల్లే వచ్చింది. నా బి.ఏ.ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండు రోజులు జనం విరగబడి వచ్చారు. సీసాల చుట్టూ తిరిగారు, వంగి చూశారు, గోటితో కొట్టి చూశారు. నాకు గర్వంగా ఉంది. మూడో రోజు ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది.

"బాబూ, ఇవెక్కడ దొరుకుతాయి?"

"బ్లాకాఫీసులో అమ్మా. ఎన్నెకరాలకు కావాలో చెబితే రాసుకుంటారు."

"ఇత్తనాలు కాదు నాయినా, సీసాలు. మూత ఎంత గట్టిగున్నాదో సూడు. ఆవకాయకి బాగుంటాది."

అప్పుడు చుట్టూ చూశాను. అందరూ మూతలే చూస్తున్నారు. మా ఆఫీసరుగారు మాత్రం "రైతాంగం అపారమైన ఆసక్తి కనబరిచింది" అని నివేదిక రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. దేని మీద అన్నది రాయలేదు, అంతే.

మనం పెట్టేది ఒకటి, వాళ్ళు చూసేది ఒకటి. తప్పు వాళ్ళది కాదు. మనిషి తన ఇంటినీ తన పనినీ వెంటబెట్టుకునే లోపలికి వస్తాడు. వాటిని చెప్పులతో పాటు బయట వదలమని అడిగే హక్కు మనకు లేదు. ఈ సంగతి ఆ సీసాల దగ్గరే నాకు అర్థమైపోయిందని అనుకున్నాను. నిజంగా అర్థమై ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది.

మా ఆఫీసరుగారి ఎత్తు

ఆయన ఆరడుగుల పైన మనిషి. మంచివారు. ఎవరినీ గట్టిగా కసిరి ఎరుగరు. ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "మన శాఖలో పొరపాట్లు జరగవోయ్. జరిగాయంటే అవి మన శాఖవి కావు." ముప్పై ఏళ్ళలో ఇంత ప్రశాంతమైన సిద్ధాంతం నేను మరొకటి వినలేదు.

అట్టల్ని ఆయన తన కళ్ళ ఎత్తుకు కట్టించేవారు. ఆడవాళ్ళు మెడలు వెనక్కి వంచి, గాలిగోపురం చూసినట్టు పొగలేని పొయ్యిని చూసేవారు. ఆయన సెలవులో ఉన్నప్పుడు ఒకసారి నేను అన్నిటినీ మూరెడు కిందికి దింపాను. జనం వాటి ముందు నిలబడే సేపు పెరిగింది. అట్టల మీద వేలిముద్రలు కూడా పెరిగాయి. ఆ రెండూ కలిసే వస్తాయి. దగ్గరగా పెడితే చెయ్యి పడుతుంది. చెయ్యి పడకూడదనుకుంటే దూరంగా పెట్టాలి, కానీ అప్పుడు ఎవరూ చూడరు. ఈ వృత్తిలో దీనికి మందు లేదు. నేను ఎప్పుడూ దగ్గరగానే పెట్టాను. ఇవాళ మళ్ళీ పెట్టమన్నా అలాగే పెడతాను.

చిత్రాలు, ఇతరములు

అరవైల చివర ఒక ఏడాది, ఏడుగురు కుర్రవాళ్ళు కలిసి శ్రీకాకుళంలో బొమ్మల ప్రదర్శన పెట్టుకుంటామని మా ఆఫీసుకు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, రాజాం చుట్టుపక్కల వాళ్ళే. ఒక్కరికీ పేరు లేదు. అప్పటిదాకా ఎవరి బొమ్మా ఏ గోడకూ ఎక్కలేదు. వాళ్ళు రంగుడబ్బాల కంటే చేతికి దొరికిన వాటినే ఎక్కువ నమ్ముకున్నారు. గోనె, ఊక, బొగ్గు, గవ్వలు, చీర చింపులు, చింతగింజల జిగురు. ఇప్పుడు దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటున్నారు. అప్పట్లో ఏమనాలో నాకు తెలియక ఆహ్వానపత్రంలో "చిత్రాలు, ఇతరములు" అని వేయించాను. రాజాం కుర్రాడొకడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

విజయనగరం సన్యాసిరావు గోనెసంచుల్ని కాల్చి, కుట్టి, మళ్ళీ కాల్చి బొమ్మలు చేసేవాడు. హాల్లో అడుగు పెడితే మాడు వాసన. మా అటెండరు అప్పలసామి మొదటిరోజే రెండు బిందెల నీళ్ళు తెచ్చి వాటి పక్కన పెట్టాడు. అప్పలసామి నాకంటే పదేళ్ళు పెద్ద, ఉద్యోగంలో ఇంకా పాత.

"ఏటి బాబూ ఇది? కాలిపోనాక తెచ్చినారా, తెచ్చినాక కాలిపోనాదా?"

"తెచ్చాక కాలితే మనం సంజాయిషీ రాయాలి అప్పలసామీ. కాలాక తెచ్చారు కాబట్టి ఇది కళ."

"అలగైతే మా ఆడది రోజూ కళే వండుతాది" అని బిందెలు అక్కడే ఉంచి వెళ్ళిపోయాడు.

ఏడుగురిలో ఆడపిల్ల ఒక్కతే, ఎస్తేరు. మిషను బడిలో డ్రాయింగు పంతులమ్మ, అదీ టెంపరరీ. అందరిలోకీ పెద్దది కూడా. పెద్దదన్న సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్రదర్శన వెనక ఒక విషయం ఉంది. మద్రాసులో ఒక ధర్మసంస్థ వారు మా ప్రాంతం నుంచి ఏటా ఒకరిని ఎంపిక చేసి, రెండేళ్ళు అక్కడ ఉంచి బొమ్మలు నేర్పిస్తామన్నారు. ఎంపికకు ఒక పెద్ద చిత్రకారుణ్ణి మా ప్రదర్శనకే పంపుతామన్నారు. వయసుకు హద్దు పెట్టారు. మిగిలిన ఆరుగురికీ వచ్చే ఏడు ఉంది, ఆపై ఏడు ఉంది. ఎస్తేరుకు అదే ఆఖరు. ఆమె ఈ మాట ఎవరితోనూ అనలేదు. దరఖాస్తులు సర్దుతూ పుట్టినతేదీ చూస్తే నాకే తెలిసింది.

ఆమె ప్రతి ఆదివారం కళింగపట్నం వెళ్ళి, ఒడ్డున ఇసకలో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పి వచ్చేది. బొమ్మ అక్కడి నుంచే వచ్చింది. ఆరడుగుల పొడవు చెక్క. దాని మీద జిగురుతో ఇసక అద్దింది. అక్కడక్కడా పడవ అడుగుకు పూసే తారు. పైన ఒక పాత నూలు వల పరిచి బిగించింది. ఏళ్ళ తరబడి చెట్టుబెరడు కషాయంలో నాని నాని ఇటుకరంగుకు తిరిగిన వల అది. వల నడిమధ్యన పెద్ద చిల్లు. చిల్లు వెనక ఇసక లేదు, తారు లేదు, వట్టి తెల్లచెక్క.

"ఇదేమిటమ్మా?" అని అడిగాను. అడగడం నా పని కాదు గానీ చీటీ రాయాలి కదా.

"ఒడ్డున పెద్దవల లాగుతారు కదండీ. పాతికమంది లాగుతారు. ఒకటే కేకలు, ఒకటే ఎగతాళి. వల పైకొచ్చాక మధ్యన చిల్లు కనిపించిందనుకోండి, అంతమందీ ఒక్కసారి ఊరుకుంటారు. ఎవరూ ఎవర్నీ ఏటీ అనరు. ఆ ఊరుకోవడం ఉన్నాది చూశారా, అది గోడ మీద పెట్టాలని."

"చిల్లు మొదటినుంచీ ఇంతే ఉందా?"

"చిన్నదేనండి. నేనే పెంచాను."

చీటీ మీద బొమ్మ పేరు "ఒడ్డు" అని రాయమంది. కింద ఇంకో వరస వేయించింది: "వల: కళింగపట్నం పోలయ్యగారిది."

"వల ఎవరిదైతే ఏమమ్మా? గోనె ఎవరిదో సన్యాసిరావు రాయలేదు కదా" అన్నాను.

"గోనె బజార్లో దొరుకుతాదండి. ఇది తాత ఇచ్చాడు."

సరేనని నాకున్న అందమైన అక్షరాలన్నీ పెట్టి రాశాను. బొమ్మను అలవాటు ప్రకారం కిందికి దింపి కట్టాను. వల నడుము ఎత్తులో, కూర్చున్న మనిషి చేతికి కూడా అందేలా ఉంది. అందరూ బాగుందన్నారు.

పోలయ్యగారు

మద్రాసు నుంచి ఆ పెద్దాయన నాలుగో రోజు వస్తున్నారు. వాల్తేరు దాటి వచ్చే ప్యాసింజరులో పదింటికి ఆమదాలవలసలో దిగుతారు. నేను జీపు తీసుకుని వెళ్ళి ఎక్కించుకురావాలి. నేను బయల్దేరబోతుంటే గుమ్మంలో ఒక ముసలాయన కనిపించాడు. ఉతికిన పంచె, ఉతికిన తలపాగా, రొంటిన ఒక చిన్న గుడ్డసంచి.

"ఎస్తేరమ్మ రమ్మన్నాది బాబూ. నా పేరు రాసినారంట. ఏదీ?"

అప్పలసామి ఆయన్ని తీసుకెళ్ళి చీటీ మీద వేలు పెట్టాడు. "ఇదిగో సూడు తాతా. పో, ల, య్య, గారు."

"గారు కూడానా!"

"నీకు గారెట్టినారు. నాకిన్నేళ్ళలో ఒక్క కాగితం మీదా ఎట్టనేదు."

ముసలాయన ఒక్కో అక్షరాన్నీ వేలితో ముట్టుకున్నాడు. ఆ తర్వాత తల పైకెత్తి వల చూశాడు. ముఖంలో వెలుగు పోయింది.

"ఇదేటి, ఇంత సినిగిపోనాది! నానిచ్చినప్పుడు బెత్తెడు నేదు."

"బొమ్మ కోసరం తాతా" అన్నాడు అప్పలసామి.

"బొమ్మకైతే మంచి వలే ఇద్దును గదా. నలుగురొచ్చే సోట, నా పేరెట్టి, ఈ సినిగిన వలా? మా పేటలో సినిగిన వల నలుగురిలో ఆరెయ్యం బాబూ. సాటుగా కూకోని కట్టుకోని, అప్పుడు ఆరేత్తాం. మావోల్లెవరైనా ఇటొచ్చి సూసినారంటే, పోలయ్యకి సేతులు పడిపోనాయంటారు."

ఈ మాటలన్నీ నన్ను చూస్తూ అన్నాడు. ఆయనకు నేను సమాధానం చెప్పాలి. నిలబడి, నెమ్మదిగా, ఆ చిల్లు ఎందుకుందో, ఆ అమ్మాయి దాన్ని ఎందుకు పెంచిందో చెప్పాలి. ఎంతో పట్టదు, టీ తాగినంత సేపు. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను గుమ్మం వైపు నడుస్తూ నా ధోరణిలో ఒక మాట విసిరాను.

"ఏం చెయ్యమంటావు తాతా, మా శాఖలో వల కట్టడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. నీకు తీరికుంటే నువ్వే కట్టెయ్యి."

నా హాస్యానికి నేను నవ్వను. అది నాగరికతని నా నమ్మకం. నన్నెరిగినవాళ్ళకు నా ముఖం చూస్తే తెలుస్తుంది. ఆయనకు నేను తెలిసి నాలుగు నిమిషాలు.

"అలగే బాబూ" అన్నాడు. ఆయన కూడా హాస్యానికే అన్నాడనుకున్నాను.

రైలు రెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చింది.

తెల్లదారం

మద్రాసు పెద్దాయన సన్నగా, భుజాన ఒక గుడ్డసంచితో దిగారు. మాటలు తక్కువ. హాలు దగ్గర మా ఆఫీసరుగారు దండతో ఎదురొచ్చి ఆయన్ని పట్టుకున్నారు. ఈలోపల అప్పలసామి జీపు వెనకగా నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"మీరు సెప్పినట్టే అయిపోనాది బాబూ. నాను దగ్గిరుండి సూసినాను. ఎదురుబద్ద సూదితో ఎంత సులువుగా కట్టీసినాడో! ఒక్క కన్ను పెద్దది నేదు, ఒక్కటి సిన్నది నేదు."

"ఏమిటి కట్టాడు?"

"వలండీ. మీరే కట్టీమన్నారు గదా."

"ఎస్తేరమ్మ వచ్చిందా?"

"ఆకర్ని నాలుగు ముడులుండగా వచ్చినాది. అలగ నిలబడిపోనాది. 'ఇప్పుడు బాగున్నాది గదా తల్లీ' అన్నాడు ముసిలోడు. 'బాగున్నాది తాతా' అన్నాది. నానే టీ తెచ్చిచ్చినాను ఆయనకి."

లోపలికి వెళ్ళాను. ఇటుకరంగు వల మధ్యన, అచ్చం ఆ చిల్లు ఆకారంలోనే, తెల్లని కొత్త వల. ఆయన రొంటి సంచిలో ఉన్నది రంగు పట్టించని కొత్త నూలు. ఎస్తేరు దాని పక్కన నిలబడి ఉంది.

"ఇదేమిటమ్మా ఇలా అయింది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

నా వైపు కాసేపు చూసింది. "తాత కట్టాడండి" అంది.

మద్రాసు పెద్దాయన వరసగా చూస్తూ వచ్చారు. సన్యాసిరావు గోనె దగ్గర బాగానే ఆగారు. వల దగ్గరికి వచ్చి ఇంకెటూ కదల్లేదు. దగ్గరికి వెళ్ళారు, వెనక్కి వచ్చారు, కళ్ళద్దాలు తీసి చూశారు.

"ఈ తెల్లదారం చాలా గొప్పగా ఉంది. పోయినదాన్ని మళ్ళీ అల్లినట్టు, అయినా పోయిందని తెలిసేటట్టు. ఈ ఆలోచన మీకెలా వచ్చిందమ్మా?"

"మా జిల్లా ఆడపిల్లలు చాలా తెలివైనవాళ్ళండీ" అన్నారు మా ఆఫీసరుగారు.

ఊరుకుంటే అయిపోయేది. మద్రాసు టిక్కెట్టు ఆమె చేతికి వచ్చేసినట్టే. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో నాకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

"అది నా ఆలోచన కాదండి" అంది ఎస్తేరు. "అక్కడ చిల్లుండాలి. ఈ ఉదయం కట్టేశారు. కట్టింది పోలయ్య తాత. వల కూడా ఆయనదే."

"మీరు కట్టమన్నారా?"

"లేదండి."

"మరెవరు కట్టమన్నారు?"

ఆమె చీటీ వైపు తిరిగింది. ఎవరి వైపూ చూడలేదు.

పెద్దాయన మా వైపు తిరిగారు. "ఒక్క సంగతి తేల్చండి. ఇది ప్రదర్శన పెట్టినవాళ్ళ పొరపాటైతే నాకు కొంత వెసులుబాటుంది. ఆమె బాగుచేసుకున్నాక వచ్చి మళ్ళీ చూస్తానని రాసుకోగలను. కాకపోతే, తన బొమ్మను తాను కాపాడుకోలేదని రాయాలి. నాకు వేరే దారి లేదు."

"మా వైపు నుంచి ఏ పొరపాటూ జరగలేదండి" అన్నారు మా ఆఫీసరుగారు వెంటనే. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు. తెలిసినా అదే అనేవారు.

ఇప్పుడు నేను మాట్లాడాలి. "కట్టమన్నది నేనే, హాస్యానికన్నాను." ఇంతే. కానీ ఆఫీసరుగారు లేదన్నదాన్ని ఆయన ముందే, మద్రాసు మనిషి ముందు, అవునని చెప్పాలి. ఆ సంవత్సరం నా గురించి ఆయన రాయాల్సిన రహస్య నివేదిక ఇంకా రాయలేదు. నేను నా చెప్పులు చూసుకున్నాను. ఎడమ చెప్పు పట్టీ కొద్దిగా ఊడిపోతోంది. దాన్ని శ్రద్ధగా చూశాను.

హాస్యమాడటం తప్పని నేను ఇప్పటికీ అనను. ఎండలో అట్టలు మోసే ఉద్యోగంలో అదీ లేకపోతే బతకలేం. నా తప్పు గుమ్మం దగ్గర అన్న మాటలో సగమే ఉంది. మిగతా సగమూ, అందులో పెద్ద సగమూ, ఆ చెప్పు చూసుకోవడంలో ఉంది.

పెద్దాయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత ఎస్తేరుతో, "పోనీ, ఆ తెల్లదారం ఇప్పుడే తీసేసి మీ బొమ్మ మీరు చూపించగలరా? నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. ఆయన చేయగలిగినంత చేశారు.

"అప్పలసామీ, కత్తెర!" అన్నారు మా ఆఫీసరుగారు.

అప్పలసామి కదల్లేదు. పోలయ్యగారు ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకు తెలియదు. ఇంతమంది పెద్దలు తన పనితనం ముందు నిలబడి చూస్తున్నారని మాత్రం తెలుసు. ఎస్తేరు ఆయన్ని చూసింది, వలను చూసింది.

"తియ్యనండి" అంది.

"అప్పుడిక ఇక్కడున్నది మీది కాదు, మీది ఇక్కడ లేదు. దేనికి మార్కులు వెయ్యమంటారు?"

"వెయ్యకండి."

ఆయన పుస్తకం మూశారు. సాయంత్రం సన్యాసిరావు పేరు చెప్పి, బండెక్కి వెళ్ళిపోయారు. సన్యాసిరావు తగినవాడే. అతని గురించి నేను ఎవరికీ వేరేగా చెప్పను. పోలయ్యగారు వెళుతూ వెళుతూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మంచిమాట సెప్పినారు బాబూ. నేకపోతే నా పేరు పోయుండును" అన్నాడు.

ఉత్తరం

మర్నాడు పొద్దున్నే మద్రాసు పెద్దాయనకు ఉత్తరం రాశాను. జరిగినదంతా, అన్న మాట అన్నట్టే. ఆఫీసరుగారికి చూపించాను. ఆయన మొదటి నాలుగు వరసలు చదివి కాగితాన్ని నా చేతికిచ్చేశారు.

"ఇది ఆఫీసు ద్వారా పంపితే నేను సంతకం చెయ్యలేనోయ్. నువ్వు బయట డబ్బాలో వేస్తే నేను చూడలేదు."

బయట డబ్బాలోనే వేశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. జాబితా అప్పటికే వెళ్ళిపోయిందనీ, చింతిస్తున్నామనీ రెండు వరసలు. నా రహస్య నివేదికకు ఏమీ కాలేదు. అందులో "వినయశీలి" అని రాశారని తర్వాత విన్నాను. ఎస్తేరు మద్రాసు వెళ్ళలేదు. మిషను బడిలోనే పర్మనెంటు అయింది, అక్కడే రిటైరైంది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లల బొమ్మలు తర్వాత నేనే ఎన్నో చోట్ల కట్టాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు మేకుల గురించీ, తాళ్ళ గురించీ, వెలుతురు గురించీ చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. వాటిలో తప్పు చేస్తే మర్నాడు దిద్దుకోవచ్చు. బొమ్మ చేసినవాళ్ళకూ చూసేవాళ్ళకూ మధ్యన నిలబడేది మనం. అటు మాట ఇటు చెప్పాలి, ఇటు మాట అటు చెప్పాలి. నేను ఆ రోజు ఉదయం పోలయ్యగారికి ఎస్తేరు మాట చెప్పలేదు. మధ్యాహ్నం ఎస్తేరు కోసం నా మాటే నేను చెప్పలేదు. మిగిలిన పనంతా బాగానే చేశాను. బొమ్మలన్నీ తిన్నగా ఉన్నాయి.

ఉత్తరం డబ్బాలో వేసి వచ్చిన ఆ మధ్యాహ్నమే బొమ్మలు దింపాం. మిగిలినవాళ్ళు సన్యాసిరావుతో హోటలుకు వెళ్ళారు. ఎస్తేరు ఒక్కతే స్టూలెక్కి తన చెక్కకు కట్టిన తీగలు విప్పుతోంది. నేను కింద నిలబడి అన్నాను.

"అమ్మా, ఆ వల కట్టమన్నది నేనే. పోతూ పోతూ హాస్యానికన్నాను."

"తెలుసండి" అంది, తీగ విప్పుతూనే.

"తెలుసా?"

"నేను రాగానే తాత చెప్పాడు. ఆఫీసు బాబు కట్టీమన్నాడమ్మా, నేకపోతే నాను ముట్టుకోను అన్నాడు."

"మరి మద్రాసాయన అడిగినప్పుడు ఆ మాట చెప్పలేదేం?"

"నేనంటే మీ మీద చాడీ అవుతాదండి. మీరే అంటారేమోనని చూశాను." ఒక తీగ వచ్చేసింది. దాన్ని చుట్టచుట్టి నా చేతికి అందించింది. "చాలాసేపు చూశాను."

"ఇవాళ పొద్దున్నే ఉత్తరం రాశాను. అంతా రాశాను."

"రాశారా? మంచిదండి." రెండో తీగ విప్పింది. "నిన్న హాల్లో అయితే రెండు మాటలతో అయిపోయేది."

ఆ తీగ కూడా అందుకున్నాను. ఆమె స్టూలు దిగి, చేతులు దులుపుకుని, చెక్కకు ఇటు వైపున నిలబడింది.

"అటు చివర పట్టుకోండి. రిక్షాదాకా తీసుకెళ్దాం. జాగ్రత్త, ఇసక కదా, బరువుంటాది."

పట్టుకున్నాను. నిజంగానే బరువుగా ఉంది.